సందడికి తాళలేనివారు

పెండ్లియింట పందిరినిండ జనము. సన్నాయి, డోలు మ్రోగుచున్నవి. తలంబ్రాల వేళ దగ్గఱపడినది. అంతలో ఎవరో యొకరు "కొత్తకోడలు ఏది?" అని అడుగుదురు. వెదకగా వెదకగా ఆమె వెనుకటి కొట్టుగదిలో శెనక్కాయల మూటల ప్రక్కన, రెండు చేతులతో చెవులు మూసికొని కూర్చుండియుండును. ఇక చూడుడు! "పొగరు" అని యొకరు, "నలుగురిలో మెలగ నేర్వలేదు" అని యొకరు, "గాలి సోకినది, విభూతి పెట్టుడు" అని వేఱొకరు. నీకేమైనదమ్మా అని ఆమెనే అడుగువారు మాత్రము కనబడరు.

సోదరీమణులారా! ఆ కొత్తకోడలిని నేనే. ఇది ముప్పది యేండ్ల క్రిందటి మాట. నాకేమైనదో చెప్పుటకు ఆనాడు నాకును మాటలు లేకపోయెను. ఈనాడు కొంత తెలిసినది. ఆ తెలిసినది మఱియొక కొత్తకోడలికో, చెవులు మూసికొని యేడ్చు పసిబిడ్డకో ఉపయోగపడునను ఆశతో ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మాది అనంతపురపు మెట్టసీమ. పడమటి కనుమల మఱుగున నుండుటచేత నైరుతి వానలు మాకు అంతగా అందవు. తూర్పు సముద్రము దూరమగుటచేత ఈశాన్యపు వానలును చాలవు. సాలీన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వానను నమ్ముకొని వేరుసెనగ పండించు నేల యిది. మా పల్లెలలో పగటివేళ వినబడునది గాలి, గొఱ్ఱెల మంద, దూరమున నొక ట్రాక్టరు. కాయలు ఒలుచు స్త్రీలు కుప్ప చుట్టును కూర్చుండి మాటలాడుకొన్నను ఆ మాటలు బయలులో కలిసిపోవును. ఇట్టి నిశ్శబ్దమునకు అలవాటుపడిన చెవిమీద ఏడాదికి నాలుగైదు మాఱులు సందడి యంతయు ఒక్కుమ్మడిగ వచ్చి పడును.

ఫాల్గుణమున కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవములు జరుగును. రథము కదలునాడు భక్తులు మిరియములను దవనమును దానిపై చల్లుచుందురు. వీథులలో కాలు మోపుటకు చోటుండదు. మొహరము దినములలో నార్పల మండలపు గూగూడున కుళ్లాయిస్వామి పీర్ల పండుగ జరుగును. హిందువులు, ముస్లిములు అను భేదము లేక వేలకొలది జనులు అగ్నిగుండము చుట్టును మూగుదురు. ఇవి మాకు ప్రాణము. కఱవుసీమవారు ఏడాది పొడవున కూడబెట్టుకొన్న సంతోషమును ఆ కొద్ది దినములలోనే అనుభవింతురు. వానిని మానుడని నే ననను. ఆ సంతోషములో పాలు పొందగోరియు పొందలేనివారు మనలో కొందఱున్నారని మాత్రమే నా మనవి.

నా సంగతి చెప్పెదను. అది మా ఆడుబిడ్డ పెండ్లి. నేను కాపురమునకు వచ్చి యేడు నెలలైనది. నాకు ధర్మవరపు పట్టుచీర కట్టించిరి. ఆ చీర అందమునకు వంక పెట్టువారు లేరు. కాని కొత్త జరీ అంచు మెడ ప్రక్కను, నడుమునను ఒరసికొనుచు ప్రతి కదలికకును ముల్లువలె గ్రుచ్చుచుండెను. జడనిండ కదిరి మల్లెలు. ఆ పరిమళము ఒక మూరకు ఆహ్లాదము, నాలుగు మూరలకు తలపోటు. పందిరి గుంజకు కట్టిన లౌడ్‌స్పీకరులో సినిమా పాట. దాని క్రిందనే మేళము. వెలిగి ఆఱుచుండు రంగుబల్బులు. వంటసాల నుండి మిరపకాయల పోపు ఘాటు. పది మంది చుట్టాలు ఒక్కమాఱుగ ప్రశ్నలు. నా యెదుట ఒక పెద్దమ్మ పెదవులు కదలుట కనబడుచున్నది గాని మాట మాత్రము అర్థము కాలేదు. గుండె దడదడ కొట్టుకొనెను. అరచేతులు చెమర్చెను. ఎవరి చేయి తగిలినను ఉలికిపడితిని. ఇంకొక్క క్షణముండినచో ఏడ్తునో, అరతునో నాకే తెలియలేదు. లేచి కొట్టుగదిలోనికి పోయితిని.

అత్తగారు వెదకికొనుచు వచ్చిరి. "ఏమ్మే, మా చుట్టాలు నీ కంటికి ఆనరా?" అనిరి. ఆ మాట ఏండ్లకొలది నా చెవిలో మ్రోగుచునేయుండెను. లౌడ్‌స్పీకరు ఆ రాత్రియే ఆగిపోయినది. ఈ మాట ఆగలేదు.

ఆ సాయంత్రము మా మామగారి తల్లి, ఎనుబది యేండ్ల అవ్వ, నా చేయి పట్టుకొని పెరటిలోనికి తీసికొనిపోయెను. అచ్చట వేపచెట్టు క్రింద, బండిమీద తెప్పించిన నీటి డ్రమ్ములును కడవలును వరుసగా నుండెను. మా సీమలో పెండ్లికి నీరు చూచి చూచి వాడవలెను. కావున వానికడ ఒకరు కావలి యుండవలసినదే. మా యింట ఆ కావలి ఎప్పుడును అవ్వదే. బాధ్యత తెలిసిన మనిషియని ఊరంతయు మెచ్చుకొనెడిది. అవ్వ నన్ను తన ప్రక్కన బండపై కూర్చుండబెట్టుకొని నెమ్మదిగా చెప్పెను:

"పందిట్లో కూచుంటే నాకు తల తిరుగుతాది పాపా. చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే పెండ్లనంగానే నీళ్ల కాడికొచ్చి కూచుంటా. నీళ్లు చూసుకునేదానికి ఒకరుండల్ల గదా. ఎవురూ ఏమీ అనరు."

మా అవ్వ తన జీవితకాలములో చుట్టముల పెండ్లి ఒక్కటియు తప్పలేదు. ఏ పెండ్లి పందిటిలోను గంటసేపు కూర్చుండలేదు. ఈ రెండును ఏకకాలమున ఎట్లు నిజము కాగలవో ఆ వేపచెట్టు క్రింద నేను నేర్చుకొంటిని.

ఇక నిట్లేల జరుగునో విచారింతము. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను నైదు ద్వారముల గుండ ప్రతి క్షణమును మెదడునకు లెక్కలేనన్ని వార్తలు చేరుచుండును. అన్నిటిని గమనించుచు కూర్చున్నచో ఏ పనియు సాగదు. కావున మెదడు జల్లెడపట్టి, అవసరమైనవానిని నిలుపుకొని తక్కినవానిని వదలివేయును. కాలిన్ చెర్రీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1953లో ప్రకటించిన పరిశోధన దీనిని చక్కగ తెలుపును. ఆయన మనుష్యుల రెండు చెవులలోను రెండు వేర్వేఱు ప్రసంగములను ఒకేమాఱు వినిపించి, ఒకదానిని మాత్రమే అనుసరింపుమనెను. వారు దానిని చక్కగ అనుసరించిరి. రెండవ చెవిలోని భాష నడుమ ఇంగ్లీషు నుండి జర్మనునకు మాఱినను వారికి తెలియనేలేదు. నలువది మంది మాటలాడు పందిటిలో మనము ఒక్క వదినగారి మాటనే వినగలుగుట ఈ జల్లెడ చలువయే.

కాని ఈ జల్లెడ అందఱకును ఒకేవిధముగ నుండదు. కొందఱకు దాని కన్నులు పెద్దవి. పాట, మేళము, పోపు, జరీ, బల్బు, ప్రశ్న—అన్నియు ఒకే బలముతో లోనికి వచ్చును. ఒక్కొక్కటిగ వచ్చినప్పుడు ఓర్చుకొనగలిగినదే, అన్నియు కలిసినపుడు మోయలేని బరువగును. అపుడు శరీరము అపాయము వచ్చినట్లే తలచి గుండె వేగమును పెంచును, పరుగెత్తుమనును. ఇది మనిషి బుద్ధిపూర్వకముగ చేయునది కాదు. దీనిని పొగరనుట, దుమ్ము పడి నీరు కాఱు కంటిని పట్టుకొని "ఎందుకేడ్చెదవు?" అని కసరుట వంటిది.

పాశ్చాత్య వైద్యులు దీనిని కొంతకాలముగ గమనించుచున్నారు. లియో కానర్ అను వైద్యుడు 1943లో ఆటిజమును మొదట వర్ణించినపుడే, తాను చూచిన పిల్లలలో పెద్ద శబ్దములకు భయపడు లక్షణమును వ్రాసెను. అమెరికా వనిత జీన్ ఐర్స్ 1972లో వెలువరించిన గ్రంథమున, ఇంద్రియములనుండి వచ్చు వార్తలను మెదడు కూర్చుకొనుటలో కలుగు చిక్కులను చర్చించెను. ఆమె సిద్ధాంతములోని అన్ని భాగములను వైద్యులందఱు ఒప్పుకొనరు. అయినను చెవులు మూసికొను బిడ్డ మొండిబిడ్డ కాకపోవచ్చునను ఎఱుకను వ్యాపింపజేసినవారిలో ఆమె ముఖ్యురాలు. మనస్తత్త్వవేత్తయగు ఎలేన్ ఆరన్ 1996లో వెలువరించిన పుస్తకములో, కొందఱు పుట్టుకతోనే అతి సున్నితులనియు, అది రోగము కాదు, స్వభావమనియు వాదించెను. ఇంతియ కాక పార్శ్వపు తలనొప్పి కలవారికి వెలుతురును చప్పుడును సరిపడవు. నిద్రలేమి, మనోవ్యాకులత, తలకు తగిలిన దెబ్బ, చెవి వ్యాధులు గూడ ఈ బాధను కలిగించును. కావున సందడికి తాళలేని వారందఱు ఒకే తెగవారని తలపరాదు. ఎన్నడును లేని బాధ హఠాత్తుగ మొదలైనచో డాక్టరుకు చూపవలెను.

ఇట్టివారు నలుగురిలో మెలగుటకు ఉపాయములు లేవా? కలవు. నేను నా జీవితమునందు పరీక్షించి చూచినవానిని, వైద్యులు చెప్పగా వినినవానిని కొన్నిటిని వ్రాసెదను.

మొదటిది తన్ను తాను ఎఱుగుట. కొందఱకు శబ్దము పడదు, కొందఱకు వాసన, కొందఱకు ఒంటికి తగులు బట్ట, మనుష్యుల ఒరపిడి. తన బాధ ఏ ద్వారమున వచ్చుచున్నదో కనిపెట్టినచో సగము భారము తీఱును. మఱియు బరువు మితిమీఱుటకు ముందు శరీరము ఒక సూచన చేయును. నాకు దవడలు బిగిసికొనును. ఎదుటివారి మాట రెండవమాఱు చెప్పించుకొనవలసివచ్చును. ఆ గుర్తు కనబడగనే లేవవలెను. కుండ పొంగిన తరువాత కాదు, పొంగుటకు ముందే పొయ్యిమీదినుండి దించవలెను.

రెండవది ముందుజాగ్రత్త. ముందురాత్రి చక్కగ నిద్రపోవలెను, ఆకలితో పోరాదు. జనము చేరక మునుపే పోయి చోటు చూచుకొనవలెను. స్పీకరునకు దూరముగ, వెనుక గోడ ఉండునట్లు, వాకిలికి దగ్గఱగ కూర్చున్నచో ఒక ప్రక్కనుండియే సందడి వచ్చును. పట్టుచీరను ముహూర్తము వఱకు కట్టుకొని, పిమ్మట మెత్తని నూలుచీర కట్టుకొనవచ్చును. రవికకు లోపల పాత మెత్తని బట్ట వేయించుకొన్నచో జరీ అంత గ్రుచ్చదు. పూలు ఒక్క మూర చాలును.

మూడవది ఒక్కరికైనను ముందుగ చెప్పియుంచుట. తల్లియో, తోడికోడలో, భర్తయో—తనవారనుకొన్నవారితో "నాకిట్లుండును, నేను కొంగు భుజమున కప్పుకొన్నచో లేచి పోవుచున్నానని అర్థము" అని చెప్పుకొన్నచో వారు పదిమందికి సమాధానము చెప్పుకొందురు. పోవుట వలన కంటె చెప్పక పోవుట వలననే అపార్థములు కలుగును. "ఇప్పుడే వత్తునత్తా" అని చెప్పి, పావుగంటకు తిరిగి వచ్చిన కోడలిని ఎవరును గర్విష్ఠియనరు.

నాలుగవది మా అవ్వ నేర్పినది. సందడికి అంచున నుండు పని నొకదానిని ముందుగనే కోరి తీసికొనవలెను. నీటికడ కావలి, తాంబూలములు మడుచుట, విస్తళ్లు లెక్కపెట్టుట, నిద్రపోవు పసిపిల్లలను చూచుకొనుట, కదలలేని పెద్దలకు అన్నము పెట్టుట—ఇట్టి పనులు ప్రతి శుభకార్యమునందును ఉండును; వానికి మనుష్యులు దొరకరు. సంతోషముగ నడుమ కూర్చుండువారు కూర్చుందురు. అంచున మేలుగ నుండువారు అంచున నుందురు. ఇరువురును పెండ్లి చేసినవారే.

ఐదవది ఆ క్షణపు ఉపచారము. లేచిపోవుటకు వీలుకాని వేళ ఒక్క ద్వారమునైనను మూయవలెను. కన్నులు కొంచెము సేపు మూసికొనుటయో, దూరమున నొక్క వస్తువుపై చూపు నిలుపుటయో చేయవచ్చును. శ్వాసను తీసికొనినదానికంటె నెమ్మదిగ విడువవలెను. చల్లని నీటితో ముఖము కడుగుకొన్నను మేలే. మందుల దుకాణములో దొరకు మెత్తని చెవి బిరడాలు శబ్దమును చాలవఱకు తగ్గించును. జడ చాటున అవి యెవరికిని కనబడవు.

ఒత్తిడిచేత ఊరట కలుగుటయు కలదు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అను ఆటిజము గల పశుశాస్త్ర విదుషి కలదు. ఆమె 1947లో జన్మించినది. యౌవనమున తన బంధువు లొకరి పశువులశాలలో, టీకాలు వేయుటకై పశువులను రెండు ప్రక్కల పలకల నడుమ అదిమి పట్టినపుడు కొన్ని నెమ్మదించుటను ఆమె చూచెను. తనకును మనుష్యుల స్పర్శ పడదు. కాని ఆ అదుము హాయి యని తోచి, తనకొఱకే అట్టి యంత్రమును చేసికొనెను. మనకు యంత్రము లేకున్నను, మా సీమలో కురుబలు నేయు బరువైన గొంగడి యున్నది. గదిలో దానిని గట్టిగ చుట్టుకొని పావుగంట కూర్చున్నచో నా ప్రాణము కుదుటపడును. వ్రేళ్లతో తేలికగ తాకినచో ఉలికిపడువారికి గూడ గట్టిగ తల ఒత్తుట హాయి గలిగింపవచ్చును. కాని వారిని అడిగి చేయవలెను.

ఒక హెచ్చరిక. బాధ కలుగునని అసలే వెలుపలికి పోకుండుట మేలు చేయదు. మానిన కొలది భయము పెరుగును. అట్లే బిరడాలను నిశ్శబ్దముగ నున్న యింటిలో గూడ దినమంతయు పెట్టుకొన్నచో చెవి మఱింత సున్నితమగునని వైద్యులు చెప్పుదురు. కొంచెము సేపు పోయి, కొంచెము విశ్రమించి, మరల పోవుటయే మార్గము. ఇంటికి వచ్చిన మఱునాడు విశ్రాంతి తీసికొనుట సోమరితనము కాదు.

ఇంతవఱకు బాధపడువారు చేయవలసినది చెప్పితిని. ఇక ఇంటివారు చేయవలసిన దేమి? ఎంత చిన్న యింటిలో పెండ్లియైనను ఒక్క గదిని, లేదా పెరటిలో చెట్టు నీడను, సామానులతో నింపక విడిచియుంచుడు. ఒక చాప, ఒక కడవ నీరు చాలును. ఆ గదిలోనికి పోయినవారిని కారణ మడుగకుడు. చూలాలు, పాలిచ్చు తల్లి, తలనొప్పి గల అత్త, పసిబిడ్డ, వృద్ధులు—ఇందఱకును అదియే ఆశ్రయమగును.

రెండవది స్పీకరు సంగతి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసస్థలములలో పగలు 55 డెసిబెలులు, రాత్రి 45 డెసిబెలులు మించరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వేయరాదు. ఉత్సవములకై ప్రభుత్వము ఏడాదికి 15 దినములు మించకుండ అర్ధరాత్రివఱకు సడలింప వచ్చును. డెసిబెలుల లెక్కలో పది పెరిగినచో శబ్దశక్తి పదింతలగునని గుర్తుంచుకొనవలెను. చట్టమును చూపి పెండ్లివారితో తగవు పెట్టుకొమ్మని నేను చెప్పను. మైకు వేయు పిల్లవానిని ముందుగనే పిలిచి, "నాయనా, దాని ముఖము స్త్రీలు కూర్చుండు వైపు త్రిప్పకుము, కొంచెము తగ్గింపుము" అన్నచో చాలవఱకు వినును.

పిల్లల విషయమున మఱింత శ్రద్ధ వలయును. జాతరలో చెవులు మూసికొని యేడ్చు బిడ్డను కొట్టి కూర్చుండబెట్టినచో ఆ బిడ్డకు చప్పుడుతో పాటు తల్లియు భయమగును. మొదట వెలుపలికి తీసికొనిపొండు. బుద్ధులు తరువాత చెప్పవచ్చును. బిడ్డ పిలిచినను తిరిగి చూడక, వయసునకు తగిన మాటలు రాక, ఈ బాధయు పడుచున్నచో ఆలస్యము చేయక పిల్లల డాక్టరుకు చూపవలెను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి పిల్లలను పరీక్షించుటకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును తన పట్టికలో చేర్చినది. విభూతి పెట్టించుకొన్నను సరే. డాక్టరును మాత్రము మానకుడు.

తుదకు ఒక్క సంగతి చెప్పి ముగించెదను. రెండేండ్ల క్రిందట మా అమ్మాయి పెండ్లి జరిగినది. అవ్వ లేదు గాని ఆమె పద్ధతి యున్నది. పెరటి వైపు గదిలో చాప పఱచి, కడవ పెట్టించితిని. తలంబ్రాలు ముగిసిన పిమ్మట, ఆనవాయితీగా దవడలు బిగిసికొనగా, నే నా గదిలోనికి పోయితిని. అప్పటికే అచ్చట మా అత్తగారు కూర్చుండియుండిరి. వారికిప్పుడు వినికిడి తగ్గినది. అట్టి వృద్ధులకు చిన్న మాట వినబడదు. పెద్ద చప్పుడు మాత్రము సూదివలె గ్రుచ్చును. చెవిలోని యంత్రమును తీసి ఒడిలో పెట్టుకొని, రెండు చేతులతో చెవులు మూసికొనియుండిరి.

నన్ను చూచి చేతులు దించిరి. చాలసేపు ఏమియు మాటలాడలేదు. పిదప, "ఆ పొద్దు నీకు గూడా ఇట్లే ఉన్నిందా?" అని యడిగిరి.

వారికి వినబడునట్లు దగ్గఱకు వంగి, "ఇట్లే ఉన్నింది అత్తా" అంటిని.

వారు మఱేమియు అనలేదు. చాపమీద కొంచెము జరిగి నాకు చోటిచ్చిరి.

సోదరీమణులారా! ఆ చోటు ఇచ్చుటకు మాకు ముప్పది యేండ్లు పట్టినది. మీ యింట రేపు జరుగబోవు శుభకార్యములో అది మొదటినాడే ఉండుగాక.